ఊర్ధ్వ వాతావరణంలో అలల పని

మన తలల మీద 90 కిలోమీటర్ల ఎత్తున గాలి ఉందంటే ఉంది, లేదంటే లేదు. నేల మీది గాలి సాంద్రతలో అక్కడ మిగిలేది సుమారు మూడున్నర లక్షల వంతు మాత్రమే. అంత పలచని గాలిలోనూ కొన్ని పదార్థాలు లేశమాత్రంగా ఉంటాయి. పది లక్షల పాళ్లలో కొద్ది పాళ్ల నీటి ఆవిరి, ఓజోన్, నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, జంట విడిపోయిన ఆక్సిజన్ పరమాణువులు, ఉల్కలు మండి వదిలిన సోడియం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. కొద్దిపాటివే అయినా వీటి ప్రభావం చిన్నది కాదు. కార్బన్ డయాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ పైపొరల వేడిని అంతరిక్షంలోకి వదిలేస్తాయి. ఆ పొరలు ఉబ్బడం, కుంచించుకుపోవడం, ఉపగ్రహాల మీద గాలి రాపిడి పెరగడం, తగ్గడం చాలావరకు ఆ వేడిని బట్టే ఉంటాయి. నైట్రిక్ ఆక్సైడ్ కిందికి దిగితే ఓజోన్‌ను తినేస్తుంది. మరి ఈ వాయువుల్లో ఏది ఎక్కడ ఎంత ఉండాలో నిర్ణయిస్తున్నది ఏది? సూర్యకాంతి, దాని వల్ల జరిగే రసాయన చర్యలు అని మనకు వెంటనే తోచే జవాబు. అది నిజమే కానీ సగం నిజం. మిగతా సగం కింది నుంచి వస్తుంది. కొండల మీదుగా వీచే గాలి, ఉరుములతో లేచే మేఘం, వాతావరణంలో ఉధృతంగా పారే జెట్ ప్రవాహాలు పుట్టించే అలలే ఆ వాయువుల అమరికను తీర్చిదిద్దుతున్నాయి. వాటిని లెక్కలోకి తీసుకోని ఏ అంచనా అయినా అసంపూర్ణమే. ఈ మాట ఎందుకు అంటున్నానో, దానికి ఆధారాలేమిటో ఈ ప్రసంగంలో వివరిస్తాను.

వీటిని వాతావరణ శాస్త్రంలో గురుత్వ తరంగాలు అంటారు. కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు పుట్టి, 2015లో లైగో పరికరానికి చిక్కిన తరంగాలతో వీటికి ఏ సంబంధమూ లేదు. ఇవి మన గాలిలో పుట్టి గాలిలోనే అంతరించేవి. స్థిరంగా పొరలు పొరలుగా పేరుకున్న గాలిలో కొంత భాగాన్ని ఏదైనా పైకి తోసిందనుకోండి. అది వ్యాకోచించి చల్లబడి, చుట్టుపక్కల గాలి కంటే బరువెక్కుతుంది. భూమి ఆకర్షణ దాన్ని కిందికి లాగుతుంది. ఆ ఊపులో అది తన చోటు దాటి ఇంకా కిందికి పోతుంది. అక్కడ వేడెక్కి తేలికై మళ్లీ పైకి వస్తుంది. ఈ ఊగిసలాట పక్కలకూ పైకీ పాకడమే గురుత్వ తరంగం. ఒక్క ఊపుకు కనీసం అయిదు నిమిషాలు పడుతుంది. గరిష్ఠ కాలం భూభ్రమణం మీద, అక్షాంశం మీద ఆధారపడి ఉంటుంది. మన తిరుపతి ప్రాంతపు అక్షాంశంలో అది రెండు రోజులు దాటుతుంది. అడ్డంగా ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి దూరం పదుల కిలోమీటర్ల నుంచి వేల కిలోమీటర్ల దాకా ఉండవచ్చు.

ఇంత మామూలు కదలిక అంత ఎత్తున ఎందుకు ముఖ్యమవుతుందన్నది అసలు విషయం. అల పైకి పోతున్నకొద్దీ గాలి పలచబడుతుంది. అల మోసే శక్తి మాత్రం మధ్యలో ఖర్చు కాకపోతే అంతే ఉంటుంది. తక్కువ గాలిలో అదే శక్తి ఉండాలంటే ఆ గాలి ఇంకా పెద్ద ఊపుతో కదలక తప్పదు. 90 కిలోమీటర్లు చేరేసరికి లెక్క ప్రకారం ఆ ఊపు సుమారు ఆరు వందల రెట్లవుతుంది. కింద సెకనుకు అయిదు సెంటీమీటర్ల వేగంతో గాలిని కదిపిన అల, దారిలో నష్టపోకుండా వెళితే, అక్కడ సెకనుకు 30 మీటర్ల వేగంతో కదుపుతుంది. కింద ఎవరి దృష్టికీ రానిది పైన తుఫాను వేగం అందుకుంటుందన్నమాట. అయానో ఆవరణం ఎత్తుల్లో కనిపించే చిత్రమైన కదలికలకు ఈ అలలే కారణమని కెనడాలో పనిచేసిన కాలిన్ హైన్స్ 1960లో ఒక వ్యాసంలో వాదించారు. ఈ రంగంలో తర్వాత జరిగిన పనికి ఆ వ్యాసమే పునాది.

ఇక్కడ ఆలోచించే శ్రోత ఎవరైనా ఒక గట్టి అభ్యంతరం లేవదీయవచ్చు. అల గాలిని పైకి తీసుకుపోతుంది, మళ్లీ ఉన్నచోటికే తెస్తుంది. ఊయల ఊగినవాడు ఊరు దాటడు కదా, మరి అల వల్ల వాయువు ఒక ఎత్తు నుంచి మరో ఎత్తుకు ఎలా చేరుతుంది? ఈ అభ్యంతరం సరైనదే. అల నిలకడగా ఉండి, శక్తి కోల్పోకుండా, దారిలో ఏ రసాయన చర్యా జరగకుండా సాగిపోతే దాని వల్ల నికరంగా ఏ వాయువూ చోటు మారదని గణితం కూడా రుజువు చేసింది. కానీ ఆ రుజువులోనే జవాబు ఉంది. అది పెట్టిన షరతులు మూడు. ఊర్ధ్వ వాతావరణంలో ఆ మూడూ దాదాపు ఎప్పుడూ భంగమవుతూనే ఉంటాయి. అల విరుగుతుంది, శక్తి కోల్పోతుంది, దాని లోపల రసాయన చర్య జరుగుతుంది. ఈ భంగాల వల్లే వాయువుల రవాణా మూడు దారుల్లో జరుగుతుంది.

మొదట విరగడం సంగతి. ఊపు మరీ పెద్దదైతే, చల్లబడి బరువెక్కిన గాలి తేలికపాటి గాలి మీదికి ఎక్కుతుంది. ఆ స్థితి నిలవదు, అల కూలి సుడులుగా చెదిరిపోతుంది. ఆ సుడులు కింది వాయువును పైకీ, పై వాయువును కిందికీ కలిపేస్తాయి. ఇలాంటి కలగలుపు పైన నిజంగానే ఉందని ఆకాశంలో కళ్లారా చూపించిన ప్రయోగాలు ఉన్నాయి. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి లేచిన మొదటి రాకెట్, నైక్ అపాచీ, మోసుకెళ్లింది సోడియం ఆవిరినే. సంధ్యవేళ ఎత్తున వదిలిన ఆ ఆవిరి సూర్యకాంతికి నారింజ రంగులో వెలుగుతుంది. అది కదిలే తీరు చూసి గాలి వేగాన్ని లెక్క కడతారు. పలు దేశాల్లో జరిగిన ఇలాంటి ప్రయోగాల్లో ఒక విషయం మళ్లీ మళ్లీ కనబడింది. సుమారు 100, 105 కిలోమీటర్ల దాకా ఆవిరి బాట ముడులు పడి, చిందరవందరగా చెదిరిపోతుంది. ఆ పైన మాత్రం నున్నగా, నెమ్మదిగా విస్తరిస్తుంది. ఆ గీతకు కింద గాలిని కలిపేది సుడులు. పైన ప్రతి వాయువూ తన బరువును బట్టి తనకు తానుగా విడిపోతుంది. కాబట్టి అలలు ఎంత బలంగా విరుగుతాయన్న దాన్ని బట్టి ఇంకా పైన ఆక్సిజన్ ఎంత, నైట్రోజన్ ఎంత అన్న నిష్పత్తి కూడా మారుతుంది.

రెండో దారి ఇంకా సూక్ష్మమైనది. అల విరగకపోయినా అది పనిచేస్తుంది. ఆక్సిజన్ పరమాణువుల్నే తీసుకోండి. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు ఆక్సిజన్ అణువుల్ని చీల్చితే ఇవి పుడతాయి. 95 కిలోమీటర్ల దగ్గర ఇవి సమృద్ధిగా ఉంటాయి, వారాల తరబడి బతుకుతాయి. 80 కిలోమీటర్ల దగ్గర గాలి చిక్కబడటంతో త్వరగానే ఇతర అణువులతో కలిసి మాయమవుతాయి. ఇప్పుడు ఒక అల పై గాలిని కిందికి తోసిందనుకుందాం. ఆ గాలితో పాటు వచ్చిన పరమాణువుల్లో కొన్ని కింద ఉన్న కాసేపట్లోనే చర్యల్లో ఖర్చయిపోతాయి. అల ఆ గాలిని తిరిగి పైకి తీసుకుపోయేసరికి అందులో ముందున్నన్ని పరమాణువులు ఉండవు. గాలి తన చోటికి తాను చేరింది, పరమాణువులు మాత్రం కింద దిగిపోయాయి. అల పట్టే కాలం, చర్యకు పట్టే కాలం ఒకదానికొకటి దగ్గరగా ఉన్న చోట ఈ రవాణా బలంగా సాగుతుంది. దీనికి తోడు అలలో వేడి, చలి మారుతూ ఉంటాయి. ఓజోన్ పుట్టే చర్య చలిలో చురుకు, హైడ్రోజన్ దాన్ని ధ్వంసం చేసే చర్య వేడిలో చురుకు. అందుకే సగటు ఉష్ణోగ్రత తీసుకుని ఓజోన్‌ను లెక్క కడితే ఫలితం తప్పుతుంది. సగటులో అల కనపడదు, చర్యలకు మాత్రం అల ప్రతి క్షణం తగులుతూనే ఉంటుంది.

ఇది కేవలం కాగితం మీది తర్కం కాదు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలోనూ, హవాయి దీవుల్లోని మావీలోనూ లేజర్ కిరణాలను ఆకాశంలోకి పంపే లైడార్లతో సోడియం పొరను ఎన్నో రాత్రుల పాటు గమనించారు. ఉల్కలు వదిలిన ఈ సోడియం 80 నుంచి 105 కిలోమీటర్ల మధ్య పొరగా ఉంటుంది. గాలి పైకీ కిందికీ కదిలే వేగాన్ని, అదే క్షణంలో అక్కడి సోడియం సాంద్రతను కలిపి కొలిచి, గార్డ్‌నర్, లియూ అనే శాస్త్రవేత్తలు నికర ప్రవాహాన్ని లెక్కగట్టారు. అది కిందివైపే ఉంది. పైగా అంతకుముందు నమూనాలు సుడుల కలగలుపుకు మాత్రమే చోటిచ్చి వేసిన అంచనా కంటే ఈ అలల రవాణా చిన్నదేమీ కాదని తేలింది. దీని పర్యవసానం గమనించండి. సోడియం అంత వేగంగా కిందికి పోతూ కూడా పొర నిలిచి ఉందంటే, పై నుంచి అంతకంత ఉల్కాధూళి వచ్చి పడుతూ ఉండాలి. భూమి మీదికి రోజూ ఎంత అంతరిక్ష ధూళి దిగుతుందన్న ప్రశ్నకు వేర్వేరు పద్ధతులు అయిదు టన్నుల నుంచి 270 టన్నుల దాకా జవాబులిచ్చాయి. అలల ప్రవాహాన్ని సరిగ్గా కొలవడం ఆ అంతరాన్ని తగ్గించే మార్గాల్లో ఒకటి.

మూడో దారి అన్నిటికంటే విస్తృతమైనది. అలలు ద్రవ్యవేగాన్ని కూడా మోస్తాయి. విరిగిన చోట ఆ తోపుడును అక్కడి గాలికి అప్పగిస్తాయి. ఎండాకాలంలో స్ట్రాటో ఆవరణంలో గాలులు తూర్పు నుంచి పడమరకు వీస్తాయి. వాటి దిశలో, వాటితో సమాన వేగంతో సాగే అలలు అక్కడే ఆగిపోతాయి. తూర్పుకు సాగేవి మాత్రం దాటి, దాని పైనున్న మీసో ఆవరణానికి చేరి విరిగి, గాలిని తూర్పుకు నెడతాయి. చలికాలంలో గాలులు తిరగబడతాయి కాబట్టి నెట్టుడు పడమరకు ఉంటుంది. భూభ్రమణం ఈ నెట్టుళ్లను మలుపు తిప్పడంతో ఎండాకాలపు ధ్రువం నుంచి చలికాలపు ధ్రువానికి భూగోళమంతటి ప్రవాహం ఏర్పడుతుంది. ఒకవైపు గాలి లేచి చల్లబడుతుంది, మరోవైపు దిగి వేడెక్కుతుంది. ఫలితం ఆశ్చర్యం గొలుపుతుంది. ఇరవై నాలుగు గంటలూ ఎండ కాసే ధ్రువం మీద, 85 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున, ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 140 డిగ్రీల దాకా పడిపోతుంది. భూ వాతావరణం మొత్తంలో అంత చల్లని చోటు మరొకటి లేదు. నెలల తరబడి చీకటిగా ఉండే ధ్రువం మీద అదే ఎత్తున అంతకంటే వెచ్చగా ఉంటుంది. సౌరతాపం ఒక్కటే పాలించే లోకంలో ఇది జరగదు. ఆ చలిలోనే, ఎడారి కంటే పొడిగా ఉండే ఆ గాలిలోని పిసరంత నీటి ఆవిరి గడ్డకట్టి, 83 కిలోమీటర్ల దగ్గర రాత్రివేళ మెరిసే మేఘాలుగా కనబడుతుంది. వీటి గురించి తొలి నివేదికలు 1885లో వెలువడ్డాయి. వీటిని పరిశీలించడానికే 2007లో ఎయిమ్ అనే ఉపగ్రహాన్ని ప్రయోగించారు.

ఈ ప్రవాహం రెండో కొసను కూడా చూడాలి. చలికాలపు ధ్రువం మీద దిగే గాలి తనతో పాటు నైట్రిక్ ఆక్సైడ్‌ను తెస్తుంది. అది ఇంకా పైన, ధ్రువకాంతులు విరిసే ఎత్తుల్లో పుడుతుంది. ఎండ తగిలితే నశించేది, చీకట్లో క్షేమంగా దిగుతుంది. 2004 వసంతంలో ఉత్తరధ్రువ ప్రాంతపు ఎగువ స్ట్రాటో ఆవరణంలో నైట్రోజన్ ఆక్సైడ్లు నాలుగు రెట్ల దాకా పెరిగాయనీ, 40 కిలోమీటర్ల పరిసరాల్లో కొన్నిచోట్ల ఓజోన్ 60 శాతానికి పైగా తగ్గిందనీ ఉపగ్రహాలు చూపాయి. దీనికి ఒక అభ్యంతరం వెంటనే వచ్చింది. 2003 అక్టోబరు, నవంబరుల్లో సూర్యుడి మీద పెద్ద తుఫానులు రేగాయి కదా, ఇది వాటి ఫలితమే ఎందుకు కాకూడదన్నది ఆ ప్రశ్న. పాత్ర ఉండవచ్చు. కానీ 2006 తొలి నెలల్లో సూర్యుడు ప్రశాంతంగా ఉన్నాడు. అయినా నైట్రోజన్ ఆక్సైడ్లు భారీగా దిగాయి. 2009లో సూర్యుడి చురుకు మరీ అడుగంటింది. అప్పుడూ దిగాయి. ఈ రెండు చలికాలాల్లోనూ స్ట్రాటో ఆవరణం హఠాత్తుగా వేడెక్కి గాలులు తారుమారయ్యాయి. ఆ తర్వాత, మామూలుగా 50 కిలోమీటర్ల దగ్గర ఉండే స్ట్రాటో ఆవరణపు పై హద్దు 80 కిలోమీటర్ల దరిదాపుల్లో కొత్తగా ఏర్పడింది. గాలులు మారడంతో అలలకు తెరుచుకున్న దారులు మారాయి, అవి విరిగే ఎత్తు మారింది, దిగుడు బలపడింది. పైన ఎంత పుట్టిందన్నది సూర్యుడు తేల్చాడు. కిందికి ఎంత చేరిందన్నది అలలు తేల్చాయి.

ఇక్కడ న్యాయంగా ఒప్పుకోవలసిన మాటలు రెండున్నాయి. మొదటిది, ఇది ఒక్క గురుత్వ తరంగాల ఘనతే కాదు. ఖండాలంత విస్తీర్ణం ఉన్న గ్రహస్థాయి తరంగాలే ఆ హఠాత్ వేడిమికి నాంది. ఆటుపోట్ల వంటి రోజువారీ అలలు కూడా ఈ ఎత్తుల్లో ఉన్నాయి. రెండోది, తేలని ప్రతిదానికీ అలలే కారణమని చెప్పడం శాస్త్రం కాదు. కార్బన్ డయాక్సైడ్ విషయం దీనికి మంచి హెచ్చరిక. ఉపగ్రహాల తొలి విశ్లేషణల్లో, నూరు కిలోమీటర్ల దగ్గర అది నేల మీద కంటే వేగంగా పెరుగుతున్నట్టు కనబడింది. అలల వల్ల కలగలుపు పెరిగి ఉంటుందని కొందరు భావించారు. అదే సమాచారాన్ని మరింత జాగ్రత్తగా తిరిగి విశ్లేషించినప్పుడు ఆ తేడా చాలావరకు తగ్గి, నేల మీది పెరుగుదలకు దగ్గరగా వచ్చింది. కాబట్టి అలల పాత్రను ఊహతో తేల్చకూడదు, కొలతతో తేల్చాలి. నా వాదనకు ఇది విఘాతం కాదు, బలం. కొలత లేనప్పుడు అలలను విస్మరించడం ఎంత తప్పో, ప్రతిదాన్నీ వాటికి అంటగట్టడం అంతే తప్పు.

ఈ కొలత అవసరం కంప్యూటర్ నమూనాల దగ్గర మరీ స్పష్టంగా కనబడుతుంది. భూగోళమంతటి వాతావరణాన్ని దశాబ్దాల పాటు లెక్కగట్టే నమూనాలు దాన్ని సాధారణంగా వంద కిలోమీటర్ల స్థాయి గడులుగా విభజిస్తాయి. మన అలల్లో చాలా భాగం ఆ గడిలోనే ఇమిడిపోతుంది. అందుకే వాటి ప్రభావాన్ని సూత్రాల రూపంలో విడిగా చేర్చుతారు. అమెరికాలో రిచర్డ్ లిండ్జెన్ 1981లో ప్రతిపాదించిన సూత్రం ఈ మార్గాన్ని తెరిచింది. అది గొప్ప ముందడుగు. అయితే ఆ సూత్రాల్లో అలల బలం, పుట్టే చోటు, దిశ వంటివి చాలావరకు సర్దుబాటు చేసి పెట్టే సంఖ్యలే. ఉష్ణోగ్రత సరిగ్గా వచ్చేలా సర్దితే వాయువులు తప్పవచ్చు. 2009 నాటి దిగుడును పలు నమూనాలతో పోల్చి చూసినప్పుడు, కిందికి చేరిన నైట్రోజన్ ఆక్సైడ్లను అవి చాలావరకు తక్కువగానే చూపాయి. అలల సూత్రాల లోపం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటని తేల్చారు. కంప్యూటర్లు బలపడితే గడులు చిన్నవై సమస్య తీరుతుంది కదా అని కొందరంటారు. గడులు చిన్నవవుతున్న మాట నిజం. కానీ అలా లెక్కగట్టిన అల ప్రకృతిలోని అలతో సరిపోలుతుందో లేదో చెప్పాల్సింది మళ్లీ కొలతే.

ఈ కొలతల్లో తెలుగు నేలకు నిజమైన భాగం ఉంది. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో 1990ల తొలినాళ్లలో నెలకొల్పిన ఎమ్మెస్టీ రాడార్, 53 మెగాహెర్ట్జ్ తరంగాలతో, 1,024 యాంటెన్నాలతో పనిచేస్తూ గాలి పైకీ కిందికీ కదిలే వేగాన్ని నేరుగా కొలవగలదు. ఆ కేంద్రమే ఇప్పుడు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. 1998లో జపాన్ సహకారంతో అక్కడ లైడార్ కూడా వచ్చింది. ఆ ప్రదేశానికి ప్రత్యేకత ఉంది. ఉష్ణమండలంలో అలలకు అతి పెద్ద పుట్టినిల్లు ఉరుము మేఘాలు, రుతుపవన కాలంలో అవి మన మీదే లేస్తాయి. చిక్కు కూడా అక్కడే ఉంది. రాడార్‌కు మేఘాలు అడ్డం కావు గానీ, సుమారు 25 నుంచి 60 కిలోమీటర్ల మధ్య గాలి నుంచి దానికి ప్రతిధ్వని రాదు. ఆ ఖాళీని చాలావరకు పూరించగల లైడార్‌కు నిర్మలాకాశం ఉన్న రాత్రి కావాలి. అలలు ఎక్కువగా పుట్టే కాలంలోనే ఆకాశం మూసుకుపోతుంది. బెలూన్లు, శ్రీహరికోట రాకెట్లు, ఉపగ్రహాలు కలిసి పనిచేస్తేనే ఒక అలను మేఘం నుంచి మీసో ఆవరణం దాకా వెంబడించగలం. వాయువుల వైపు హైదరాబాదుకూ చరిత్ర ఉంది. అక్కడి టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి 1980లలో, 1990లలో ఎగిరిన భారీ బెలూన్లు స్ట్రాటో ఆవరణం గాలిని అతిశీతల పాత్రల్లో పట్టి తెచ్చాయి. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, క్లోరోఫ్లోరోకార్బన్లు ఉష్ణమండలం మీద ఎత్తుతో పాటు ఎలా తగ్గుతాయో ఆ నమూనాలు తెలిపాయి.

గాదంకి అలను కొలిచింది, హైదరాబాదు వాయువును కొలిచింది. నేను ముందు చెప్పిన సోడియం ఫలితం మనకు నేర్పేది ఒకటే. అలను, వాయువును ఒకే చోట, ఒకే క్షణంలో కొలిచినప్పుడే రవాణా బయటపడుతుంది. విడివిడిగా ఎన్నేళ్లు కొలిచినా సగటులు వస్తాయి, ప్రవాహం రాదు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం వల్ల ఓజోన్ కోలుకుంటోంది. అది ఏ ఎత్తున ఎంత వేగంగా కోలుకుంటుందో చెప్పే నమూనాలన్నీ అలల సూత్రాల మీద ఆనుకునే ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగి పైపొరలు చల్లబడి కుంచించుకుపోతున్నాయి, దానితో అంతరిక్ష శకలాలు మరింత కాలం కక్ష్యలో మిగిలిపోతాయి. ఆ లెక్కకూ అలలు కావాలి. ఉరుము మేఘాలు అధికంగా ఉండి, కొలతలు తక్కువగా ఉన్న ఉష్ణమండలంలో ఈ జంట కొలతలకు అనువైన పరికరాలూ, అనుభవమూ మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. ఉపగ్రహాలు వచ్చాయి కాబట్టి నేల మీది రాడార్లు, లైడార్లు పాతబడ్డాయనే ఆలోచన సరైనది కాదు. ఉపగ్రహం ఒక చోటు మీదుగా క్షణాల్లో దాటిపోతుంది. అయిదు నిమిషాలకోసారి ఊగే అలను నిలకడగా చూడగలిగేది నేల మీది పరికరమే. వాటిని దశాబ్దాల పాటు ఆపకుండా నడపడం, ఆ పనికి కొత్త తరం విద్యార్థులను తయారు చేయడం మన విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు కలిసి తీసుకోవలసిన బాధ్యత. ఓజోన్ మీద, వాతావరణ మార్పు మీద మనం రేపు నమ్మబోయే అంచనాలు ఎంత గట్టివన్నది ఆ కొలతల మీదే ఆధారపడి ఉంది.